బోర్డు కింద నిలబడ్డ నేరం

నిరుడు ఒక ఆదివారం చెప్పులు కొందామని అబిడ్స్ వెళ్లాను. దుకాణం మెట్టెక్కబోతుంటే పైనున్న ఇనుప బోర్డు ఊడి నా భుజం మీద పడింది. కళ్లు బైర్లు కమ్మి అక్కడే కూలబడ్డాను. యజమాని ఒక్క పరుగున వచ్చి ఎంతో ఆప్యాయంగా లేవదీశాడు, బోర్డును.

తర్వాత నా వైపు తిరిగాడు. “ఏందమ్మా, గా బోర్డు ఊగుతున్నదని గల్లీల అందరికీ ఎరుకే. మా పనోళ్లు గూడ దాని కింద నిలబడరు. నువ్వెందుకు నిలబడ్డవ్?”

నిజమే, చెప్పుల దుకాణానికి చెప్పుల కోసం రావడం నా తప్పే. “సారీ అండీ” అన్నాను.

నాంపల్లిలో ఆసుపత్రికి వెళితే ఎముక విరిగిందని కట్టు కట్టారు. లాయరైన మా ఆడపడుచు సుజాత సంగతంతా విని, మర్నాడే నన్ను ఆ దుకాణానికి తీసుకెళ్లింది. దుకాణం నిండా జనం ఉండగా యజమాని అదే పాఠం ఇంకా గట్టిగా అప్పజెప్పాడు.

“అంటే పడుతుందని ముందే తెలిసీ బాగు చేయించలేదన్నమాట. దీన్నే కోర్టులో నిర్లక్ష్యం అంటారు. వైద్యం ఖర్చూ, వదిన కోల్పోయే జీతమూ మీరే భరించాలి” అంది సుజాత.

ఆయన గొంతు దిగిపోయింది. “జర కూసోండ్రి మేడమ్. చాయ్ తాగుతరా?”

కోర్టు దాకా పోకుండానే ఆ డబ్బంతా ఇచ్చాడు. భుజం మాత్రం చలికాలంలో ఇప్పటికీ పీకుతోంది. చట్టం పరిహారం ఇప్పించగలదు గానీ, నొప్పిని దుకాణదారుకు బదిలీ చేయడం కుదరదట. సుజాతను అడిగి చూశాను.