దేవగన్నేర్ల కింద నీడలు

2023 ఎండాకాలం. తిరుపతి కొర్లగుంటలో ఓ మందుల షాపు పైన నా ఆఫీసు. ఇంకా కట్టని ఇళ్ళను కట్టేసినట్టు చూపించడం నా పని. ఇంజనీరు గీసిన ప్లాను ఇస్తే కంప్యూటర్లో దాన్ని అచ్చం ఫోటోలాంటి బొమ్మగా మారుస్తాను. ఆ బొమ్మనే రెండర్ అంటారు. గోడలూ కిటికీలూ ఎవరైనా చేస్తారు. చుట్టూ ఉండే చెట్టూ చేమా, నేలా, వీటిని నమ్మేలా చేయడంలోనే అసలు తంటా ఉంది.

దానికి తోడు వచ్చేవాళ్ళ కోరికలొకటి. మా ఎర్రనేలలో జపాను పూలచెట్లు అడిగినవాళ్ళున్నారు. ఒకాయన లాన్ మీద జింకలు పెట్టమన్నాడు. "చిత్తూరు ఎండకు గడ్డి ఇంత పచ్చగా ఉండదు మహాప్రభో" అంటే, "కంప్యూటర్లో గడ్డికి నీళ్ళు ఎవురు పొయ్యాలప్పా?" అని నవ్వాడు. ఇలాంటివాటికి కోపం తెచ్చుకోవడం ఎప్పుడో మానేశాను. చెంగల్రాయులు మీద వచ్చిన కోపం మాత్రం ఇంతవరకూ తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

చెంగల్రాయులు వడమాలపేట దాటాక పుత్తూరు రోడ్డు పక్కన ప్లాట్ల వెంచర్ వేస్తున్నాడు. మొదట లైబ్రరీ చెట్లతో ఒక బొమ్మ చేసిచ్చాను. లైబ్రరీ చెట్లంటే ఎవరో ముందే తయారుచేసి అమ్మే రెడీమేడ్ చెట్లు. ఒకే చెట్టును అటూ ఇటూ తిప్పి తోటంతా నింపేయవచ్చు.

"ఏమప్పా ఇది, ప్లాస్టిక్ పూలదండ మాదిరి ఉండాది! సూసినోడు నమ్మల్ల. నిజం మాదిరి ఉండల్ల" అన్నాడు.

ఆ మాట మటుకు నిజమే. అందుకే కెమెరా, డ్రోన్ పట్టుకుని పొద్దున్నే సైటుకు వెళ్ళాను. అక్కడి నేలనూ చెట్లనూ ఉన్నవున్నట్టు ఫోటో తీసి, ఆ ఫోటోలోనే కట్టబోయే భవనాన్ని కూర్చోబెట్టాలని నా ఆలోచన. పొద్దున్నే ఎందుకంటే అప్పుడు నీడలు పొడుగ్గా పడతాయి. నీడ సరిగ్గా లేకపోతే ఎంత మంచి చెట్టయినా నేలకు అంటుకోదు, గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. మా పనిలో మొదటి పాఠం అది.

సైటు మధ్యలో దేవగన్నేరు తోట ఉంది. ఎండలకు ఆకు రాలిపోయి, మోడు కొమ్మల చివర తెల్లటి పూలు. అంత అందమైన తోటను ఏ లైబ్రరీలోనూ చూడలేదు. దగ్గరికి వెళ్తే చెట్ల కింద మట్టి దిబ్బలు, వాటి తలాపున పొట్టి సిలువలు, సిలువ లేనిచోట నిలువురాళ్ళు. ఒకావిడ బిందెతో ఒక చెట్టుకు నీళ్ళు పోస్తోంది. ఆ చెట్టు ఓ పక్కకు వంగిపోయి ఉంది. చీరపీలికతో గుంజకు కట్టారు.

"ఏం ఫోటోలు సార్?" అంది.

"వెంచర్ కోసం అక్కా. ఈ తోట ఎవరిది?"

"మాదే సార్. మా పేటోళ్ళు సచ్చిపోతే ఈన్నే పెడతాం. ఇది మా నాయన."

ఆమె పేరు సుశీలమ్మ. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. సిలువల మీద ఎక్కడా పేర్లు లేవేమని అడిగాను.

"రాతి మీద సెక్కించే స్తోమత యాడిది సార్? ఈ సెట్టయితే కొమ్మ ఇరిసి గుచ్చితే సాలు, బతుకుతాది. ఏ సెట్టు ఎవురిదో మాకు తెల్సు. ట్రాక్టర్ తగిలి మా నాయన సెట్టు వంగిపొయింది. కోకపీలిక కట్టినా. మాయమ్మకు బాగలేదు. తనను గూడా ఈన్నే, నాయన పక్కన పెట్టమంటా ఉండాది."

"ఈ నేల అమ్మేశారా?"

"ఎవురు అమ్మేది? మాతో ఎవురూ మాట్లాడనే లేదే!"

ఫోటోలు తీసుకుని వచ్చి చెంగల్రాయులుకు చూపించాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఈ సెట్లు సూడప్పా, ఏం లుక్కు! వీటిని ఇట్లనే ఉంచు. ఆ రాళ్ళు మాత్రం తీసేయ్. కింద లాన్ పరిసి, ఎనకాల క్లబ్ హౌస్ పెట్టు."

"అవి రాళ్ళు కావు సార్, సమాధులు."

"రికార్డులో ఖాళీ నేల. సమాధులని యాడ రాసిండాది?"

"నిన్న కూడా ఒకావిడ నీళ్ళు పోస్తూ కనపడింది సార్."

"ముందు నువ్వు బొమ్మలో తీసెయ్యప్పా. నేల మీదివి మేం తీయించుకుంటాం."

నాకు కోపం నషాళానికంటింది. ఇన్నేళ్ళలో బొమ్మల్లోంచి కరెంటు స్తంభాలు తీశాను, చెత్తకుప్పలు తీశాను, ఒకసారి అడ్డంగా నిలబడ్డ బర్రెను కూడా తీశాను. వాటితో ఎవరికీ నష్టం లేదు. ఇది అలాంటిది కాదు. బొమ్మలో లాన్ చూసి జనం ప్లాట్లకు అడ్వాన్సులు కడతారు. కట్టాక, "మా లాన్ ఏదీ?" అని అడుగుతారు. అప్పుడు జేసీబీ వస్తుంది. సుశీలమ్మ నాయన మీదికి వచ్చే ఆ జేసీబీకి దారి వేసేది నా బొమ్మ. పైగా సమాధులు అక్కర్లేదట, వాటి మీద పెరిగిన చెట్లు మాత్రం కావాలట!

భవనం పెట్టాను, రోడ్డు పెట్టాను. తోటను మాత్రం సమాధులతో సహా ఉన్నదున్నట్టు ఉంచి, హోర్డింగుకు సరిపోయే పెద్ద ఫైలే పంపేశాను. "ఇందులో ఇక గడ్డిపోచ కూడా మార్చను" అని కింద రాశాను. వెంటనే ఫోను.

"నువ్వు గాకపోతే ఇంగొగడు! తిరప్తిలో కంప్యూటర్లకేమన్నా కరువా?" అని అరిచి పెట్టేశాడు.

కొన్నాళ్ళకు వేరే పని మీద బండిపై పుత్తూరు వెళ్తుంటే రోడ్డు పక్కన హోర్డింగు కనపడింది. నా బొమ్మే. నేను పట్టిన పొద్దుటెండ, ఆ దేవగన్నేర్లు, చీరపీలికతో సహా సుశీలమ్మ నాయన చెట్టు. సమాధులు లేవు. పచ్చటి లాన్ మీద ఎవరో భార్యాభర్తలు నవ్వుకుంటూ నడుస్తున్నారు. బండి ఆపి, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. రోడ్డున పోయేవాళ్ళు పిచ్చివాడనుకుని ఉంటారు.

తిట్టడం ఆపి మళ్ళీ చూస్తే అప్పుడు కనపడింది. చెరిపినవాడెవడోగానీ దిబ్బల మీద గడ్డి పరిచి, రాళ్ళనూ సిలువలనూ తీసేశాడు. వాటి నీడల్ని తీయడం మరిచిపోయాడు. ఆ పచ్చటి లాన్ మీద, ఒక్కో చెట్టు పక్కన, ఏటవాలుగా, నల్లగా సిలువల నీడలు. దేని నీడలో చెప్పడానికి పైన ఏమీ లేదు. మా పనిలో మొదటి పాఠం కూడా రాని వెధవ! నవ్వొచ్చింది, ఆ నవ్వులోనూ కోపమే ఉంది.

నేరుగా పేటకు వెళ్ళి సుశీలమ్మను బండి మీద తీసుకొచ్చాను. ఆమె తలెత్తి ఒక్కో చెట్టునూ చూసుకుంటూ వచ్చింది. తర్వాత వంగిన చెట్టు కింది నీడ వైపు వేలు చూపించింది.

"మా నాయన ఈడనే ఉండాడు సూడు సార్" అంది.

మరుసటి వారం పేటవాళ్ళంతా కలిసి తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళారు. నేనూ వెళ్ళాను. చెంగల్రాయులు తెల్లచొక్కా వేసుకుని ముందే కూర్చుని ఉన్నాడు. అది ఖాళీ నేలనీ, ఆ నేలలో ఎవర్నీ ఎప్పుడూ పూడ్చలేదనీ దబాయించాడు. తహసీల్దారమ్మ నేను ఫోన్లో చూపించిన హోర్డింగు ఫోటోను పెద్దది చేసి చూసింది.

"ఖాళీ నేలయితే ఈ నీడలు దేనివండీ?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "కంప్యూటర్లో... ఏదో తప్పు పడుంటుంది మేడం" అన్నాడు. నేను అసలు ఫోటో తీసి పక్కన పెట్టాను. ఒక్కో నీడ పక్కన దాని సిలువ ఉంది. ఆమె అక్కడికక్కడే సర్వేయర్‌ను పిలిపించింది. తోట చుట్టూ హద్దురాళ్ళు పడ్డాయి, వెంచర్ ఆ మేరకు కుదించుకుపోయింది. చెంగల్రాయులు ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడా రోడ్డు మీద ఖర్జూర చెట్లతో కొత్త హోర్డింగు నిలబెట్టాడు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

గడ్డి నిజంలా రావాలంటే ఏం చేయాలని పని నేర్చుకునేవాళ్ళు అడుగుతుంటారు. ఆకు మందం, ఎండ రంగు అన్నీ తర్వాత చెప్తాను. ముందు సైటుకు వెళ్ళి అక్కడ చెట్లకు ఎవరు నీళ్ళు పోస్తున్నారో కనుక్కోమంటాను. అది కనుక్కోకుండా చేసే బొమ్మ ఎంత అందంగా వచ్చినా దొంగ పనే.

మొన్నామధ్య సుశీలమ్మ వాళ్ళమ్మ పోయిందని తెలిసి వెళ్ళాను. అనుకున్నట్టే నాయన పక్కన పెట్టారు. పచ్చిమట్టి తలాపున కొత్త సిలువ, దాని పక్కన దేవగన్నేరు కొమ్మ గుచ్చి ఉంది. దిబ్బకు దండం పెట్టుకుంటుంటే ఆమే అంది.

"కెమెరా తెచ్చినావా సార్? మాయమ్మది గూడా ఒగ ఫోటో తీసి పెట్టుకో. మళ్ళా ఎవుడన్నా వస్తే పనికొస్తాది."

మబ్బు పట్టి ఉంది. ఎండ వచ్చి, సిలువ నీడ నేల మీద పడేదాకా ఆగి తీశాను.