రెండు వేళ్ల గుర్తు

మా చిన్నప్పుడు... నాచారంల మా బడి వెనుక గ్రౌండుల పొద్దుగాల ఆరింటికే సాఫ్ట్‌బాల్ ఆడేటోళ్లం. ఎనిమిదో తరగతి ఆడపిల్లలం. నేను పిచ్చర్‌ని, అంటే బాల్ ఏసేదాన్ని. బ్యాట్ పట్టుకున్న పిల్ల వెనుక కూసొని నా బాల్ పట్టేది రజిత. ఇద్దరిదీ ఒకటే గల్లీ, ఒకటే బెంచీ...

రజిత మోకాళ్ల నడుమ చెయ్యి పెట్టి, నాకు మాత్రమే కనపడేటట్టు వేళ్లు సూపెట్టేది. ఒక వేలంటే జోరుగ ఏయాలె. రెండంటే నిమ్మలంగ. మా ఇద్దరికి తప్ప ఆ గుర్తులు ఎవ్వరికీ తెల్వయి.

ఆ ఏడు బడుల పోటీలల్ల వరుసగ మూడు మ్యాచులు... ఎదుటోళ్లకు ఒక్క రన్ను గూడ రాలే. దాన్ని షటౌట్ అంటరని పీఈటీ సారు జెప్పిండు. ప్రేయర్ల నన్ను ముంగటికి పిలిచి చప్పట్లు కొట్టిచ్చిండు. రజిత లైన్లనే నిలవడి కొట్టింది. నా బాల్ పట్టీ పట్టీ దాని అరచెయ్యి వాచేది. మా అమ్మనే పసుపు, సున్నం కలిపి పట్టేసేది...

ఫైనల్ ఉప్పల్ల. మొదటి ఇన్నింగ్స్‌లనే ఎదుటోళ్లకు నాలుగు రన్నులు పోయినయి. నిమ్మలంగ ఏస్తే ఆగి కొట్టిన్రు. జోరుగ ఏస్తే ముందుగాలనే బ్యాట్ లేపిన్రు. నాకేం సమజ్ గాలే. మూడో ఇన్నింగ్స్‌ల సారు నన్ను కూసోబెట్టి, "ఇంక నీ చెయ్యిల పస లేదు బిడ్డా" అన్నడు. నిజమే గావచ్చు అనుకున్న.

మ్యాచ్ అయినంక నల్లా కాడ ఆ టీం పిల్ల ఒకతి గెలిచిన సంబురంల నోరు జారింది. మొన్న రజిత ఆ టీమోళ్ల బడి గేటు కాడికొచ్చి మా గుర్తులన్నీ జెప్పి, ఫైనల్ల వేళ్లు పక్కకెల్లి వాళ్లకు గూడ కనపడేటట్టు పెడతనని మాటిచ్చి పోయిందట.

షేర్ ఆటోల ఇద్దరం పక్కపక్కనే కూసున్నం. హబ్సిగూడ దాటినంక, ఎందుకు జెప్పినవే అని అడిగిన.

అది వాచిన చెయ్యి ఒళ్లె పెట్టుకొని బయటికే సూస్తున్నది.

"మూడు మ్యాచులు పట్టింది నేను. ఒక్కరన్న నా పేరు తీసిన్రా? నువ్వన్న తీసినవా?"

తియ్యలే... గది నిజం. కని నాతోని కొట్లాడొచ్చు గదా. నాలుగు రోజులు మాట్లాడకుండ ఉండొచ్చు గదా. అది ఏ వేలు సూపెడితే గా బాలే ఏసిన, ఒక్కనాడు గూడ ఎందుకని అడగలే...

తెల్లారి సారుకు జెప్తామని స్టాఫ్‌రూం దాంక పోయి తిరిగొచ్చిన. నా జాగల వేరే పిల్లను పెట్టిన్రు. ఆ పిల్ల బాల్ గూడ రజితనే పట్టింది. నేను మళ్ల బాల్ ముట్టలే. పదో తరగతి అయ్యేదాంక ఒకటే బెంచీ మీద కూసున్నం, ఒక్క మాట లేకుండ.

నిరుడు రజిత మెట్రోల కనపడ్డది. "బాగున్నవా" అన్నది. బాగున్న అన్న. నా స్టేషన్ కంటె ముందు స్టేషన్లనే దిగిన...

ఆ గ్రౌండుల ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేసినయి. ఇప్పటి పిల్లల ఆట మొత్తం వీడియో అయ్యి ఎవరో ఒకరి ఫోన్ల ఉంటది. మా ఫైనల్ ఏ ఫోన్ల లేదు. మా బడోళ్లందరు ఇయ్యాల్టికీ నా చెయ్యి వల్లనే ఓడినమనుకుంటున్నరు.

నమ్మినోళ్ల చేతిల ఓడినోళ్లు మీలో ఎవరన్న ఉంటే రాయుండ్రి... నేనైతే ఇన్నేండ్లకు ఇయ్యాల్నే నోరు తెరిసిన.