నీటి వెంట నడిచే ఆలిచిప్పలు

నా గురువును నేను క్షమించలేదు. ఇక ముందు క్షమించే ఉద్దేశమూ లేదు. ఈ మాట మొదటే చెప్పేస్తే చదివేవాళ్లకు నా మంచితనం మీద భ్రమలు ఉండవు.

ప్రాణహిత నది దగ్గరి రేగుంటలో కూలికి పోయే ఇంటి నుంచి నేను సముద్రపు ఒడ్డుకు చదువుకోవడానికి వెళ్లాను. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆయన వెన్నెముక లేని సముద్రజీవుల మీద పేరున్న ప్రొఫెసర్. ఆటుపోట్ల మధ్య రాళ్లను పట్టుకుని బతికే ఆలిచిప్పలు నా పరిశోధన. రాతి మీద అవి ఎంత ఎత్తు వరకు బతుకుతాయో, ఎండకు ఎలా తట్టుకుంటాయో మోకాళ్లు చెక్కుకుపోయేలా పాకి తెలుసుకున్నది నేను. అచ్చులో వచ్చింది ఆయన పేరు. నా పేరు చివర ధన్యవాదాల్లో, జీపు డ్రైవరు తర్వాత ఉంది. డ్రైవరు మంచివాడు, ఆయన చోటు ఆయనకు ఉండాల్సిందే. మరి నా చోటేదని అడగడానికి వెళ్తే గురువుగారు నవ్వారు.

"సముద్రం లేని ఊరి నుంచి వచ్చావు. నీకు సముద్రం నేర్పింది ఎవరమ్మా?"

ఇంటికొచ్చి చెబితే అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. "ఏరు దాటేదాక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న. ఊకో బిడ్డా. ఎన్నడన్న ఆయనకు గూడ మన ఏటితోని పని పడ్తది" అంది.

నేను ఊకోలేదు. కాచుకుని కూర్చున్నాను.

ఇప్పుడు మా ఊరి దగ్గరి సిరోంచ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. "మేడం, ఈడ సముద్రమే లేదు గదా. గిదంత మాకెందుకు?" అని పిల్లలు ప్రతి ఏడూ అడుగుతారు. వాళ్లను ప్రాణహిత ఒడ్డుకు తీసుకుపోతాను. మామిడికాయ చెక్కు తీసే ఆలిచిప్ప మా ఇళ్లలో అందరికీ తెలుసు. అది బతికున్నప్పుడు నడుస్తుందని మాత్రం చాలామందికి తెలియదు. సముద్రపు చిప్ప రాయిని పట్టుకుని, నీళ్లు పోతే మూతి బిగించుకుని, మళ్లీ పోటు వచ్చేదాకా ఆగుతుంది. నదికి పోటు లేదు. పోయిన నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. అందుకని నది చిప్ప నాలుకలాంటి కాలు చాపి, తగ్గే నీళ్ల వెంటే పాకుతుంది. తడి ఇసుక మీద దాని గీత పడుతుంది. ఆ గీతలు చదవడమే ఏళ్లుగా నా పని, నా పిల్లల పని.

ఈ నది ఆలిచిప్పల మీద పెద్ద అధ్యయనం చేయిస్తామని ప్రకటన వస్తే దరఖాస్తు పెట్టాను. పోటీగా ఆయన కూడా పెట్టారు. ఎవరికివ్వాలో నది ఒడ్డునే తేలుస్తామని ఎంపిక చేసే నిపుణులు అన్నారు. అది ఆయనకు పోతే నా నది మీద కూడా ఆయన పేరే పడుతుంది.

నిపుణులు రావడానికి ముందురోజు ఆయన దిగారు. నీటి అంచున రాళ్లకు తీగ పంజరాలు కట్టించి, నిపుణులకు చూపించడానికి వాటిలో ఆలిచిప్పలు పెట్టించారు. సముద్రం దగ్గర అందరం అలాగే చేస్తాం.

"సార్, కింది ఆనకట్ట గేట్లు ఎత్తితే నీళ్లు..." అన్నాను.

"తగ్గితే మూసుకుంటాయి, పెరిగితే తెరుచుకుంటాయి. నాకే పాఠం చెబుతున్నావా?" అన్నారు.

నోరు మూసుకున్నాను. ఎంత హాయిగా మూసుకున్నానో చెప్పలేను.

రాత్రి ఆనకట్ట గేట్లు ఎత్తారు. తెల్లవారి వెళ్లేసరికి నీళ్లు దూరంగా జరిగిపోయాయి. పంజరాలు పొడి ఇసుక మీద ఉన్నాయి. లోపలి చిప్పలు కొన్ని అప్పటికే చావుకు దగ్గరై నోళ్లు తెరుస్తున్నాయి. మా ఎండకు వదిలేస్తే నిపుణులు వచ్చేసరికి కంపు కొట్టేవి. ఒట్టు, వదిలేయాలనిపించింది. కాసేపు నిలబడి ఆ కంపును ఊహించుకుని ఆనందించాను కూడా. కానీ నా పగ ఆయనతో, చిప్పలతో కాదు. వాటిని కొంగులో మోసుకెళ్లి నీళ్లలో వదిలాను. ఖాళీ పంజరాలను మాత్రం ఉన్నచోటే ఉంచాను.

నిపుణులు వచ్చారు. ఎవరో దొంగిలించారని ఆయన మొదలుపెట్టారు.

"నేనే తీసిన సార్. ఎండకు చస్తయని తీసిన" అన్నాను.

తర్వాత ఇసుక చూపించాను. బయట ఉన్న చిప్పల గీతలు పంజరాల పక్క నుంచి నీళ్ల దాకా పోయాయి. పంజరాల్లోంచి ఒక్క గీత కూడా లేదు. నిపుణుల్లో ఒకరు వంగి ఆ గీతల వెంట నీళ్ల దాకా నడిచారు.

గురువుగారు గొంతు సవరించుకున్నారు. "ఈమె నా విద్యార్థిని. అంతా నేను నేర్పిందే."

ఇన్నేళ్లుగా దాచుకున్నది అప్పుడు బయటికి వచ్చింది.

"సముద్రం మీరే నేర్పిన్రు సార్. మా నది ఎరుగని ఊరి నుంచి వచ్చిన్రు. మీకు నది నేర్పిందెవరు?"

ఆయన పంజరాలను అక్కడే వదిలి ఒడ్డెక్కారు. నా కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

అధ్యయనం నాకే వచ్చింది. ఆయన వదిలేసి పోయిన పంజరాల మూతలు పీకి, పిల్లలు ఇసుక జల్లెడలుగా వాడుకున్నారు. మా పని అచ్చయినప్పుడు పైన నా పేరు, నా పక్కన నా విద్యార్థుల పేర్లు వచ్చాయి. చివర ధన్యవాదాల్లో ఆయనను మరిచిపోలేదు. ఖాళీ పంజరాలు ఇచ్చినందుకు, జీపు డ్రైవరు తర్వాత. ఆ పేజీ మడిచి, కాపీ ఒకటి ఆయనకు రిజిస్టర్ పోస్టులో పంపాను.