తొట్టిలో రాణి రంగు

నాకు ఓపిక తక్కువ. నాటిన కొమ్మను మూడో రోజే పీకి, వేరు పట్టిందా లేదా అని చూసే రకం నేను. అలాంటివాణ్ణి చేపల తొట్టిలో రంగు కాడల మొక్కలు పెంచుదామని దిగాను. ధర్మవరంలో మా ఇంటి ముందుగదిలో మూడడుగుల గాజుతొట్టి ఉంది. అందులో చేపలు మా ఆవిడవి, మొక్కలు నావి.

మొక్కలు బెంగళూరులో కొన్నాను. సన్నటి కాడలు, మెంతాకు కన్నా చిన్న ఆకులు. వెలుతురు బాగా పెట్టి, కొసలు తుంచి మళ్ళీ నాటుతూ పోతే రెండు నెలల్లో పైభాగమంతా రాణి కలర్‌కు, అంటే నిండు గులాబీకి, తిరుగుతుందని అమ్మినతను చెప్పాడు. రాణి కలర్ అన్న మాటకే నేను పడిపోయాను. ముప్పై ఏళ్ళుగా నా బతుకే రంగులు. పట్టుచీరల వ్యాపారంలో అమ్మకాలు మా అన్నదమ్ములు చూస్తారు, రంగు నేను చూస్తాను. రంగేసిన ప్రతి చిలపా, అంటే నూలు కట్ట, మగ్గానికి పోయేముందు నా చేతికి రావాలి. ఎండ ముదరకముందే వాకిట్లో నిలబడి, నమూనా తునక పక్కన చిలప పెట్టి చూసి, నేను ఊ అంటేనే అది నేతకు పోతుంది. నా కన్ను తప్పిందంటే ఆ ఇంట్లో నాకు పని లేనట్టే.

రెండు నెలలు దాటాయి. కొసలు ఇటుక రంగులో ఉండిపోయాయి. లైటు మార్చాను, ఇంకోటి తగిలించాను. పంచదార, ఈస్ట్ కలిపిన సీసా నుంచి గొట్టం పెట్టి, మొక్కకు బలమని గ్యాస్ బుడగలు పంపాను. అన్నం ముందు కూర్చుని కూడా మధ్యలో లేచిపోయి గాజుకు ముక్కు ఆనించి చూసేవాణ్ణి. రంగు రాలేదు. నీళ్ళే కారణమని తేల్చుకున్నాను. మా వైపు ఏది చెడినా నీళ్ళ మీదికి తోసేస్తాం. పప్పు ఉడక్కపోతే నీళ్ళు, జుట్టు రాలితే నీళ్ళు, పళ్ళకు గార పడితే నీళ్ళు. చాలాసార్లు అది నిజం కూడా. అందుకే బోరు నీళ్ళు మానేసి, తాగడానికి తెప్పించుకునే క్యాన్ నీళ్ళు తొట్టిలో పోయడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లోనే ఒక పెళ్ళి చీరలకు రాణి కలర్ కావలసి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా మా పట్టునూలుకు రంగు అద్దే ఆయన చిలపలు తెచ్చాడు. రాణి కలర్‌కు నాకు నమూనా అక్కర్లేదని, తునక జేబులోంచి తీయకుండానే వాకిట్లో చూశాను. ఇటుక రంగు. తిప్పి పంపాను. మళ్ళీ అద్ది తెచ్చాడు, మళ్ళీ అదే. మూడోసారి నేనే వాళ్ళ షెడ్డుకు పోయి, పనివాళ్ళందరి ముందూ ఆయన బోరు చెడిపోయిందని, నీళ్ళు మార్చుకోకపోతే వచ్చే ఆర్డరు పక్కవీధి అద్దకంవాళ్ళకు పోతుందని చెప్పేశాను. ఆయన చిలప వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరేన్నా" అన్నాడు. ఎదురు మాట్లాడి ఉంటే బాగుండేది. ఆ నెమ్మదితనం నన్ను ఇంకా మండించింది.

ఇంటికొచ్చినా కాలు నిలవలేదు. లోపల ఇంకో అనుమానం అప్పుడప్పుడూ తలెత్తుతూనే ఉంది. దాన్ని ఎవరితోనూ అనలేను. అందుకని నాలో నేనే ఒక పందెం కాసుకున్నాను. ఈ మొక్క రాణికి తిరిగి, ఆ రంగు నాకు కనబడితే చాలు, నా కన్ను బాగున్నట్టే. ఆ తర్వాత తొట్టి దగ్గరికి పోవడం సరదాగా లేదు. భయంగా ఉండేది. అయినా గంటకోసారి పోయేవాణ్ణి.

ఒక పొద్దున మూడో క్యాన్ ఎత్తుతుంటే మా ఆవిడ అడ్డం వచ్చింది. తాగే నీళ్ళన్నీ గడ్డికి పోస్తే మనుషులు ఏం తాగాలని అడిగింది. రంగు వచ్చేదాకా తప్పదన్నాను. ఆమె తొట్టిలోకి ఓసారి చూసి, నేను ఎగతాళి చేస్తున్నాననుకుంది.

"నెల దినాల నుంచీ రాణి కలరే ఉండాది గదా. ఇంగేం రంగు కావల్ల?"

క్యాన్ కింద పెట్టాను. ఆమె వేలు చూపించిన చోటికి చూశాను. ఇటుక రంగు. ఇంకోసారి అడగడానికి ధైర్యం చాలక, నాలుగు కొసలు తుంచి, నీళ్ళ కవరులో వేసుకుని అద్దకం షెడ్డుకు నడిచాను.

ఆయన పొయ్యి దగ్గర ఉన్నాడు. నేను వద్దన్న చిలపలు దండెం మీద అలాగే ఉన్నాయి. మూడుసార్లు కాగిన నూలు పోగులు లేచి పాడైపోయింది. కవరు చేతికిచ్చి, ఈ ఆకు రంగుకు కలిసే చిలప తీసి చూపించమన్నాను. ఎందుకని అడగలేదు. దండెం మీది చిలపే ఒకటి లాగి, గుమ్మంలో వెలుతురుకు పట్టుకుని, ఆకు దాని మీద పెట్టాడు.

"ఇదే గదన్నా. రెండూ రాణే."

నా కంటికీ రెండూ ఒకటే. రెండూ ఇటుకే. గుమ్మం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. నీ నీళ్ళు బాగానే ఉన్నాయప్పా, తప్పు నాది అన్నాను. ఆయన కూడా పక్కన కూర్చున్నాడు. మెల్లగా అన్నాడు.

"మొదటిసారి తిప్పి పంపినప్పుడే అనుకున్న్యా, కండ్లకు పొర వచ్చి నీకు రంగు మారి కనపడతాందని. చెప్తే నీ పని పోతాదేమో అని చెప్పలే."

నేను ఆయన పని తీసేస్తానని బెదిరించి వచ్చాను. ఆయన నా పని పోకూడదని అదే నూలు మళ్ళీ మళ్ళీ కాచాడు. జేబులో ఉన్న నమూనా తునక తీసి ఆయన చేతిలో పెట్టాను. పెళ్ళి చీరలకు రంగు నువ్వే చూడు, నాకు చూపించాల్సిన పని లేదన్నాను. మా అన్నదమ్ములకు ఆ మాట నేనే చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకుంటూ ఇంటికి నడిచాను.