వైన్ కొట్లో మా ఇంటి కందిపొడి

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషిని నేను. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేశాను. రెండోసారి పరీక్ష చేసినా అదే ఫలితం వస్తే తప్ప ఏదీ నమ్మను. ఇప్పుడిది రాస్తున్నానంటే ఎవరినీ భయపెట్టడానికి కాదు. కడుపు మండి రాస్తున్నాను.

మేముండేది కెనడాలో, వాంకూవర్ పక్కనున్న బర్నబీలో. మా ఆయన సుబ్బారావు ఇంజనీరు. పన్నెండేళ్ళపాటు నెలనెలా టొరంటో ఆఫీసుకి వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చేవారు. వెళ్ళేటప్పుడల్లా ఓ సీసాడు కందిపొడి కట్టిచ్చేదాన్ని. ఆయనకి కడుపులో మంట, అందుకని ఎండుమిరపకాయలు తగ్గించి మిరియాలు వేసేదాన్ని. అలా చేసేవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు. "హోటల్ గదిలో కుక్కర్ పెట్టుకుని, నీ పొడి కలుపుకుని తిన్నానే" అని ఫోన్లో చెప్పేవారు. పాపం అనుకునేదాన్ని.

అలా వెళ్ళొస్తూ ఉండగానే, పధ్నాలుగు నెలల కిందట మా వంటింట్లో, నా కళ్ళముందే గుండె ఆగి పోయారు. అస్థికలు నా చేతులతోనే నీళ్ళలో కలిపాను. ఆ తర్వాత మళ్ళీ కందిపొడి కొట్టలేదు.

పోయినాక మా అమ్మాయికి రెండుసార్లు కలలోకి వచ్చారు. మా ఆడపడుచుకి ఒకసారి కనిపించి, పెరుగన్నం అడిగారట. నాకు మాత్రం ఒక్కసారి కూడా లేదు. రోజూ పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ ఫోటోతో పోట్లాడేదాన్ని. "నాకొక్కసారి కనబడితే మీ సొమ్మేం పోయింది?" అని. ఆ ఒక్కసారి కోసమే పధ్నాలుగు నెలలు నిద్రపోయాను, లేచాను.

ఈమధ్య ఆడపడుచు కూతురి సీమంతానికి టొరంటో శివార్లలోని ఎటోబికో వెళ్ళాను. మర్నాడు గురువారం. సాయంత్రం ఆరింటికి తిరుగు విమానం. పదకొండుకల్లా హోటల్ గది ఖాళీ చేసి, పెట్టె కౌంటర్ దగ్గర వదిలి, కాసేపు నడుద్దామని బయల్దేరాను. అన్నీ గోడౌన్లు, టైర్ల షాపులు. ఇంతలో వాన పట్టుకుంది. పక్కనే ఓ పాత చెక్క తలుపు కనిపిస్తే తోసుకుని లోపలికి వెళ్ళాను.

అది ఇటాలియన్ వైన్ కొట్టు. ఇరుకు గది, పొడుగాటి బల్ల, గోడనిండా సీసాలు. ముగ్గురు ముసలాళ్ళు చిన్న చిన్న గాజు గ్లాసుల్లో ఎర్ర వైన్ పెట్టుకుని పేకాడుతున్నారు. కొట్టు నడిపే రోసాకి ఎనభై ఏళ్ళుంటాయి. నేను తాగనంటే, నీళ్ళలో నిమ్మచెక్క వేసి ఇచ్చింది.

అప్పుడు తగిలింది, వేయించిన కందిపప్పు వాసన.

ఆ ముసలాళ్ళు రొట్టె ముక్కని ఆలివ్ నూనెలో ముంచి, పళ్ళెంలో ఉన్న పొడిలో అద్దుకుని తింటున్నారు. నేను కళ్ళప్పగించి చూస్తుంటే రోసా నాకూ ఓ ముక్క ఇచ్చింది. నోట్లో పెట్టుకున్నాను. మిరియాలు, ఇంగువ, ఉప్పు పాళ్ళతో సహా నాదే. పైగా తాజాగా ఉంది. కందిపొడి ఏడాది దాటితే ముక్కిపోతుంది. ఇది మొన్నో నిన్నో కొట్టినట్టుంది.

"ఇదెక్కడిది?" అని అడిగాను.

"మా సుబ్బు నెలనెలా తెస్తాడు" అంది రోసా.

ఫోన్లో మా ఆయన ఫోటో చూపించాను. ముగ్గురూ ఒక్కసారిగా "సుబ్బు!" అన్నారు. చెవికి మిషన్ పెట్టుకున్న నీనో అనే పెద్దాయన లేచి, "అయితే నువ్వు విజయవి" అంటూ నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

పదమూడేళ్ళుగా ప్రతినెలా రెండో గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటకి వస్తాడట. రెండు గ్లాసులు తాగుతాడట. ఇంట్లో ఎవరైనా వైన్ సీసా తెస్తే మొహం చిట్లించే మనిషి! ఇక్కడ పాటలు కూడా పాడతాడట. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో నా దగ్గర ఒక్క కూనిరాగం తీసిన పాపాన పోలేదు. చిన్నప్పుడు జ్వరంతో పోయిన తమ్ముడి గురించి చెప్పుకుని ఏడ్చాడట. ఆయనకో తమ్ముడు ఉండేవాడని నాకు నీనో చెప్పాలా? ఇంకో ఆడదాని సంగతి బయటపడినా నాకింత మండేది కాదు.

అప్పుడు నీనో అడిగాడు. "మోకాలు తగ్గిందా? వెనక మెట్ల మీద మంచులో జారిపడ్డావటగా. ఎవరికీ చెప్పలేదని సుబ్బు చాలా బాధపడ్డాడు."

నా చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాను. నేను పడింది ఈ చలికాలంలోనే. ఆయన పోయిన పదకొండు నెలలకి. అమ్మాయికి తెలిస్తే ఇల్లు అమ్మేయమంటుందని దానిక్కూడా చెప్పలేదు.

"కిందటి నెల కూడా వచ్చాడా?" అన్నాను.

"రాకేం, అదిగో ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఇవాళ కూడా రెండో గురువారమే కదా. కూర్చో, వచ్చేస్తాడు" అంది రోసా.

ఆయన చచ్చిపోయారని చెప్పబోయాను. చెబితే రారేమోనని నోరు మూసుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు భయం వేయలేదు. అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకున్నాను. ఎదురుగా నిలబెట్టి ఏమేం కడిగెయ్యాలో మనసులో వరసగా పెట్టుకున్నాను.

ఒంటిగంటయింది, రెండయింది. తలుపు చప్పుడైనప్పుడల్లా అటు తిరిగి చూసేదాన్ని. మూడున్నరకి లేవాలి, లేవలేదు. విమానం పోతే పోయిందనుకున్నాను. ఆరింటిదాకా అలాగే కూర్చున్నాను. ఆయన రాలేదు.

"పదమూడేళ్ళలో సుబ్బు రాకపోవడం ఇదే మొదలు" అని రోసా తనే నొచ్చుకుంది. కొట్టు ఫోన్ నంబరు రాసిచ్చింది.

ఇంటికొచ్చి అమ్మాయికి చెబితే, "మమ్మీ, దే మిక్స్‌డ్ హిమ్ అప్ విత్ సమ్ అదర్ ఇండియన్ గై" అని తేల్చేసింది. అలాగే అయితే ఎంత బాగుండు! ఆ ఇంకో ఇండియన్‌కి నా పేరెలా తెలుసో, నా పొడి ఎక్కణ్ణుంచి వచ్చిందో అడిగితే మాట మార్చింది. మోకాలి సంగతి దానికి ఇంకా చెప్పలేదు.

మరుసటి నెల రెండో గురువారం సాయంత్రం రోసాకి ఫోన్ చేశాను.

"వచ్చాడు, ఇప్పుడే వెళ్ళాడు" అంది.

"నేను వచ్చి సాయంత్రం దాకా కూర్చున్నానని చెప్పారా?"

"చెప్పాను. తెలుసన్నాడు. నువ్వు వెళ్ళేదాకా రోడ్డవతల గోడ పక్కన వానలో నిలబడ్డాడట."

ఫోన్ పెట్టేసి, ఫోటో తీసి బోర్లా పడేశాను.

పోయిన మనిషి తిరిగి ఎలా వస్తాడో నాకు తెలియదు. నా ల్యాబ్ చదువుకి అది అందలేదు, ఎవరికీ అందదేమో కూడా. అది పోనీండి. నాకోసం ఐదు గంటలు వానలో నిలబడగలిగిన ఆ మనిషి, రోడ్డు దాటి లోపలికి ఎందుకు రాలేకపోయాడో మాత్రం ఎంత ఆలోచించినా నాకు అర్థం కావడం లేదు.