పాత వీడియో, కొత్త తేదీ

దబీర్‌పురా రైల్వే స్టేషన్ బయట, గుంపు చేతిలో ఈశ్వరయ్యకు పడ్డ మొదటి దెబ్బ హెల్మెట్‌తో. ఆయన అమ్ముకునే పీచుమిఠాయి ప్యాకెట్లు కట్టిన కర్ర లాక్కుని, దానితోనే వీపు మీద బాదారు. కర్ర విరిగాక కాళ్లతో తన్నారు.

"పోరగాళ్లను ఎత్తుకపోతవా బే?" అంటూ ఒకడు జుట్టు పట్టి ఆయన తల లేపాడు. ఇంకొకడు ఫోన్ ముఖానికి ఆనించాడు. "సూడు, నువ్వే! నిన్నటి వార్త!"

వీడియోలో ఉన్నది ఆయనే. కానీ అది రెండేళ్ల కిందటిది. ఉస్మాన్‌గంజ్‌లో తప్పిపోయిన పిల్లను చెయ్యి పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్తుంటే ఎవరో తీశారు. పిల్ల క్షేమంగా తల్లిని చేరిందని పోలీసులు ఆనాడే చెప్పారు.

హుస్సేనీ ఆలంలో ఆయనది మా పక్కిల్లు. ముందు పళ్లు ఊడి, ఎడమ చేతికి కట్టుతో వచ్చిన ఆయన్ని చూసి మా మూడేళ్ల శ్రీహిత నా కొంగులో ముఖం దాచుకుంది. నేను ఫోన్‌లో వెతికాను. "పాతబస్తీ, పిల్లల దొంగ." పాప పుట్టినప్పటి నుంచీ ఇలాంటి వార్తలు వెతకడం నాకు అలవాటే. అన్నిటికన్నా పైన ఆ వీడియో, నిన్నటి తేదీతో. అసలు సంగతి చెప్పిన వార్త ఎక్కడో అడుగున, పాత తేదీతో. రెండూ ఒకే వెబ్‌సైట్‌వి. దాన్ని నడిపే శ్రవణ్‌కుమార్ గది మా వెనక వీధిలోనే. ఈశ్వరయ్యను వెంటబెట్టుకుని వెళ్లాను.

"తేదీ ఎందుకు మార్చినవ్ బిడ్డా?"

"కొత్తదైతేనే పైకొస్తది కాకా. పాతది మునుగుతది. నెలకోసారి నాలుగు లైన్లు మార్చి మళ్ల పెడ్త. అందరూ గట్లనే చేస్తరు."

"నన్ను సంపుతున్నరు కదరా!"

"ఏం చెయ్యాలె? గా వీడియోకే మస్తు మంది వస్తరు."

ఈశ్వరయ్య బాగున్న చేత్తో అతని మెడ పట్టి, ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కీబోర్డు మీద నెత్తురు చిందింది. నేను అరుస్తూ ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగాను.

శ్రవణ్ వీడియో తీసేశాడు. "తీసిన. కానీ నాది చూసి మస్తు మంది పెట్టుకున్నరు కాకా. గవి నా చేతుల లేవు. నీ నిజం చెప్పిన పేజీ పైకి రావాలంటే దాంట్ల ఎప్పటికప్పుడు కొత్త ముచ్చట ఉండాలె."

ఈశ్వరయ్య పెదవి పైకెత్తి, నెత్తుటి చిగుళ్లు చూపించాడు.

"ఇగో, కొత్త ముచ్చట. తియ్యి ఫోటో."

మర్నాటికి ఆ పేజీ అన్నిటికన్నా పైకి వచ్చింది. కొన్నాళ్లకు జారింది. ఉస్మాన్‌గంజ్‌లో ఎవరో రాయి విసిరితే ఈశ్వరయ్య కణత చిట్లింది. ఆ ఫోటో పెట్టగానే మళ్లీ లేచింది.

ఇవాళ పొద్దున చూస్తే అది మళ్లీ అడుగున ఉంది. పైన ఇంకెవరో పెట్టిన అదే వీడియో, ఈరోజు తేదీతో. గుమ్మంలోకి పరుగెత్తాను. ఆయన అప్పటికే పీచుమిఠాయి కట్టిన కొత్త కర్ర భుజాన వేసుకున్నాడు.

"కాకా, ఇవాళ పోకు."

"పోకుంటే కొత్త ముచ్చట ఏడికెల్లి వస్తదమ్మా?"

బోసినోటితో నవ్వి, గంట వాయించుకుంటూ గల్లీ మలుపు తిరిగాడు.