పప్పు మిల్లుకు పీఎఫ్ వచ్చిన కాలం

మధ్యాహ్నం బువ్వ తినే వేళకు మిల్లు ఆగగానే నిఖిల మళ్లీ మొదలుపెట్టింది. ఇదే మాట ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే లెక్కలేదు.

"మీ జీతంల నూటికి పన్నెండు పట్టుకుంటం. మిల్లు ఇంకో పన్నెండు కలుపుతది. రెండూ మీ పేరు మీదనే పడతయి, వడ్డీ వస్తది. పదేండ్లు కట్టినోళ్లకు యాభై ఎనిమిది నిండినంక నెలనెల పింఛన్ గూడ వస్తది. దీంట్ల మీకు నష్టమేడున్నది, చెప్పుండ్రి?"

గోడ నీడన కూర్చున్న ఆడవాళ్లు టిఫిన్ డబ్బాల్లోకి చూస్తూ తలలూపారు. ఊపడం ఊపారు గానీ ఆ ఊపులో సరే అన్నదీ లేదు, వద్దన్నదీ లేదు. మిషిన్ నడిపే వంశీ ఒక్కడే రొట్టె తుంచుకుంటూ నోరు విప్పాడు.

"అంటే ఈ నెల చేతికి తక్కువొస్తది. గంతే గదక్కా?"

"గంతే గదా అంటవేంది? తక్కువొచ్చింది యాడికి పోతలేదు, జమైతున్నది!"

"జమైతే నాకు కనవడాలె గద."

నిఖిలకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పెళ్లికి ముందు వికారాబాద్ నుంచి పొద్దున రైలుకు హైదరాబాద్ పోయి, ఒక కంపెనీలో జీతాల సెక్షన్‌లో పనిచేసింది ఆమె. వందలమందికి పీఎఫ్ కట్టింది. అక్కడ ఎవరికీ ఏదీ చెప్పాల్సిన పని పడలేదు. మీట నొక్కితే అయిపోయేది. తాండూరు కందిపప్పు మిల్లువాళ్ల ఇంటికి కోడలిగా వచ్చాక, ఇరవైమందికి ఒక్క ముక్క ఎక్కించలేకపోతోంది.

ఇంట్లో పరిస్థితీ అంతే. మిల్లు ఆమె మామ కైలాసంది. ఏండ్లతరబడి పదహారు పదిహేడు మందితోనే నడిచింది. నిరుడు కొత్త మిషిన్ పెట్టి మనుషులను పెంచారు. లెక్క ఇరవైకి చేరితే పీఎఫ్ కట్టాల్సిందేనని ఆడిటర్ చెప్పిపోయాడు. కైలాసం దానికి తేలికైన ఉపాయం కనిపెట్టాడు.

"నలుగురిని మా తమ్ముని దుకాణం లెక్కల చూపిద్దం. అయిపాయె."

"పప్పు చెరిగెటోళ్లను బట్టల దుకాణంల ఎట్ల చూపిస్తం మామయ్యా?"

"అందరు చూపిస్తలేరా? నువ్వు హైదరాబాద్ రూలు తెచ్చి తాండూరు మీద రుద్దుతున్నవ్."

"హైదరాబాద్ రూలు కాదు, దేశం రూలు."

కైలాసం కొడుకు దిక్కు చూశాడు. నిఖిల కూడా మొగుని దిక్కు చూసింది. రాఘవేంద్ర ఫోన్ చెవికి పెట్టుకుని సేడం వ్యాపారితో కన్నడంలో బేరం మాట్లాడుతూ బయటికి నడిచాడు. ఇట్లాంటి సమయాల్లో ఆయనకు కన్నడం మరీ బాగా వచ్చేది.

చివరికి కైలాసం దిగివచ్చాడు. వచ్చినా మెలిక పెట్టే వచ్చాడు. "సరే. పనోళ్లంతా కార్డులు తెచ్చిస్తె చేద్దం. వాళ్లే వద్దంటె బలవంతంగ పుణ్యం కట్టుకుందమా?"

మెలిక ఎక్కడ బిగుసుకుంటుందో ఆయనకు ముందే తెలుసు. మగవాళ్లు గొణుక్కుంటూనే ఆధార్ కార్డులు తెచ్చిచ్చారు. ఆడవాళ్లలో ఒక్కరూ తేలేదు. ఒకామె మరిచిపోయింది. ఒకామె కార్డు అల్లుని దగ్గరుంది. కాశమ్మ కార్డేమో ఆటోలో పడిపోయింది.

"కాశమ్మా, పొద్దుగాల కొడంగల్ బస్సుల వచ్చినవ్ గదా?"

"వచ్చిన సేటమ్మా."

"ఆడోళ్లకు ఫ్రీ బస్సుల ఆధార్ చూపియ్యకుంటె టికెట్ ఇస్తడా కండక్టర్?"

కాశమ్మ కాసేపు ఆలోచించి, "మంచోడు, ఇచ్చిండు" అంది.

నిఖిలకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీళ్ల కోసం మామతో మాటలు పడుతోంది, మొగుని మీద అలుగుతోంది. వీళ్లేమో పసిపిల్లకు చెప్పినట్టు అబద్ధాలు చెబుతున్నారు. 'ఏమన్నా కానీ, నాకెందుకీ పరేషాన్' అనుకుని కుర్చీలోంచి లేచిపోయింది.

ఆ ఆడవాళ్లందరికీ పెద్దదిక్కు రాహేలమ్మ. నిఖిల మొగుడు నిక్కర్లేసుకునే కాలం నుంచి ఆ మిల్లులో చేటతో పప్పు చెరుగుతోంది. చెయ్యి పప్పులో పెట్టి పచ్చిదో ఎండిందో చెప్పేది. ఆమె ఔనంటే అందరూ ఔనంటారు, ఆమె కాదంటే అందరూ కాదంటారు. సాయంత్రం మిగతావాళ్లు బస్సుకు పోయాక నిఖిల ఆమెను ఆపింది.

"నువ్వే చెప్పు రాహేలమ్మా. నేనేమన్నా మీ పైసలు తింటున్ననా? ఎందుకు ఒక్కరు గూడ కార్డ్ తెస్తలేరు?"

రాహేలమ్మ చీర కొంగుతో పప్పు దుమ్ము దులుపుకుంది. తర్వాత కొంగు ముడిలోంచి కార్డు తీసి చేతిలో పెట్టింది. నిఖిల చూసింది. జనవరి ఒకటో తారీఖు పుట్టినట్టుంది. లెక్కేస్తే అరవై ఒకటి.

"నీకు అరవై ఒకటా? నీకు యాభై దాటినయంటెనే నమ్మబుద్ధి కాదు!"

"యాబై రెండో మూడో ఉంటయమ్మా. మా ఆయన మంచంల వడ్డప్పుడు, ముసలోళ్ల పింఛన్ వస్తదని ఒకాయన వయసు పెంచి రాయించిండు. మా ఊర్ల మస్తుమంది గట్లనే రాయించుకున్నరు."

"అది తప్పు గద!"

"తప్పే. తప్పు గాదంటలేను." రాహేలమ్మ గొంతు పెరగలేదు. "ఆయన మందులకు ఆ పైసలే అడ్డంబడ్డయి. నాకు నిజంగ అరవై వచ్చేదాక ఈ నడుము ఆగుతదా, చెప్పు?"

నిఖిల కార్డు మీది పుట్టిన తారీఖును మళ్లీ చూసింది.

"నువ్వు దినాం పింఛన్ పింఛన్ అంటివి. మాకు తెలిసిన పింఛన్ ఒక్కటే. ఇంకో పింఛన్‌ల పేరు రాస్తె మొదటిది కట్ చేస్తరంట, కార్డుల వయసు గూడ తవ్వుతరంట. గందుకే దినాం ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నం."

ఇన్నాళ్లూ తను ఏ మాటతో ఆశపెడుతోందో ఆ మాటే వాళ్లను బెదరగొడుతోందని అప్పుడు తెలిసింది నిఖిలకు. కోపం పోలేదు. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు.

ఆదివారం పుట్టింటికి వికారాబాద్ పోయినప్పుడు, స్టేషన్ రోడ్డులో చిన్న ఆఫీసు పెట్టుకుని మిల్లులకూ బడులకూ పీఎఫ్ కాగితాలు చూసే మహిధర్‌ను కలిసింది. విషయమంతా చెప్పింది.

"కార్డుల యాభై ఎనిమిది దాటినయా? అయితే ఆమెకు పీఎఫ్ పింఛన్ ఉండదు మేడం," అన్నాడతను చాయ్ తెప్పిస్తూ. "పీఎఫ్ మాత్రం ఉంటది. మిల్లు వాటా పింఛన్ దిక్కు పోకుండ మొత్తం పీఎఫ్‌లనే పడతది. పని బందువెట్టినప్పుడు తీసుకోవచ్చు."

"అసలు వయసు రాయించుకుంటె?"

"ఇప్పుడు యాభై మూడనుకో. యాభై ఎనిమిదికి ఐదేండ్లు. పింఛన్‌కు పదేండ్లుండాలె. ఎట్ల చూసినా రాదు."

"మరి ఇరవై ఏండ్ల సంది చేసిందంతా?"

"కట్టనిది లెక్కకెట్ల వస్తది మేడం?"

లేవబోతూ నిఖిల అడిగింది, "మరి నీకు పీఎఫ్ ఉన్నదా?"

మహిధర్ నవ్వాడు. "నా ఆఫీసుల నేనొక్కన్నే. నాకెవరు కడతరు?"

రైల్లో తాండూరు దాకా ఆమెకు కిటికీ బయట ఏమున్నదో కనిపించలేదు. కట్టనిది లెక్కకు రాదు. మనిషి రెక్కలు అరిగిపోయినా రాదు. మామ మీద కోపం వచ్చింది. రూలు రాసినవాళ్ల మీద వచ్చింది. అన్ని జీతాల లెక్కలు చేసి కూడా ఈ ప్రశ్న ఒక్కనాడూ తట్టని తన మీద కూడా వచ్చింది.

మర్నాడు రాహేలమ్మకు ఉన్నదున్నట్టు చెప్పింది. "నీకు పింఛన్ రాదు. జమ మాత్రమైతది. నీది పన్నెండు, మిల్లుది పన్నెండు. ముసలోళ్ల పింఛన్ సంగతి నాకు తెల్వదు. అది ఉంటదని గానీ పోతదని గానీ నేను మాటియ్యలేను. వయసు సంగతి నువ్వే ఆలోచించుకో."

రాహేలమ్మ మొహం విచ్చుకుంది. "పింఛన్ లేదా? గట్ల ముందే చెప్పొద్దా అమ్మా! జమైతె మంచిదే గద. రాయి, రాయి."

నిఖిల నెత్తి పట్టుకుంది. రాదని చెప్తే ఇంత సంతోషమా! మరునాటికి ఆటోలో పడిపోయిన కార్డు దొరికింది. అల్లుని దగ్గరున్న కార్డూ వచ్చింది. అందులో సగానికి పైగా కార్డుల్లో వయసు సరిగానే ఉంది, వాళ్లకు పింఛన్ లెక్క కూడా ఉంటుంది. వాళ్లకదంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

మొదటి నెల జీతాలిచ్చిన రోజు వంశీ కవర్ విప్పి, తక్కువొచ్చిందని మొహం మాడ్చుకున్నాడు. జీతంలో కోత లేదని పక్క మిల్లులో చేరాడు. వారానికి ఫోన్ చేసి, "అక్కా, నా జమ పైసలు ఎప్పుడిస్తవ్?" అన్నాడు. పీఎఫ్ నంబర్ మారదనీ, రేపు ఎక్కడ పీఎఫ్ ఉన్న పని చేసినా దీనికే కలుస్తుందనీ, కదిలించొద్దనీ నిఖిల చెప్పింది. "కలుస్తదా?" అన్నాడు. "కలుస్తది" అంది. మరో వారానికి మళ్లీ అదే అడిగాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర కైలాసం ఇదంతా చెప్పుకుని విరగబడి నవ్వాడు. "నేను చెప్పలేదా? వాళ్లకు రేపటి ఫికర్ ఉండదు."

పప్పు వడ్డిస్తున్న అత్త వసంతమ్మ గరిటె ఆపింది. "నిఖిలా, నాకెంతొస్తది?"

"దేంట్ల అత్తమ్మా?"

"గదే, నువ్వు జమ చేసేదాంట్ల. మిల్లు పెట్టిన కొత్తల మనుషులు లేకుంటె నేనే చెరిగిన. పొద్దందాక రాహేలమ్మ పక్కన కూసోని ఏరిన. ఇప్పటికీ సీజన్ల నడుము వంచుతున్న. నా పేరు ఏడున్నది?"

నవ్వు ఆగిపోయింది. "నీకెందుకే? మిల్లే నీది గద," అన్నాడు కైలాసం.

"నాదైతె ఏ కాయితం మీదనన్న ఉండాలె గద. రాహేలమ్మకు గీ నెల సంది నంబరొచ్చింది. నాకు గదీ లేదు."

రాఘవేంద్ర ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు. అది మోగడం లేదు. నిఖిల లోపల్లోపల లెక్కేసుకుంది. వసంతమ్మకు ఇప్పటికైతే ఏ పీఎఫూ అందదు. జీతమంటూ ఎన్నడూ తీసుకోని మనిషికి దేని మీద కోస్తారు, దేనికి కలుపుతారు? మిల్లు లెక్కలన్నీ రాస్తున్న తనకు మాత్రం జీతమెక్కడుంది? హైదరాబాద్ ఉద్యోగం నాటి పీఎఫ్ నంబర్ ఒకటి ఉంది. పెళ్లయిన నాటి నుంచి అందులో పైసా పడలేదు.

"మామయ్యా," అంది, "వచ్చే నెల నుంచి జీతాలల్ల రెండు పేర్లు కలుపుతున్న. అత్తమ్మది, నాది. పనికి తగ్గ జీతం రాస్త. నాకు పీఎఫ్ కడత. ఓనర్ భార్యకు పీఎఫ్ కుదురుతదో లేదో కనుక్కుంట, అప్పటిదాక అత్తమ్మ జీతం ఆమె పేరు మీద బ్యాంకుల వేస్త."

"ఇంటి ఆడోళ్లకు జీతమా? బజార్ల నవ్వుతరు!"

"నవ్వనియ్యిండ్రి," అంది వసంతమ్మ, ఆయన కంచంలో పప్పు వెయ్యకుండానే గిన్నె పక్కన పెడుతూ.

కైలాసం కంచం దిక్కు చూశాడు, భార్య దిక్కు చూశాడు, కొడుకు దిక్కు చూశాడు. "ఎంత రాస్తవ్?" అని అడిగాడు చివరికి, బేరానికి కూర్చున్నవాడిలా.